తుపానులో యంత్రం మూగబోతే రైతుకు దిక్కేది?

విశాఖపట్నం: తుపాను తీరం దాటే వేళ గాలి ఎంత, వాన ఎంత అని చెప్పవలసిన యంత్రాలు సరిగ్గా అప్పుడే మూగబోతుంటాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కైలాసగిరిపై ఉన్న డాప్లర్ రాడారే దెబ్బతిన్నది. కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు.

మండలాల్లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు చాలావరకు ఆ ఫోను టవర్ల మీదే ఆధారపడినవి. కంచె లోపల ఒక స్తంభం, గాలికి తిరిగే గిన్నెలు, వాన కొలిచే గరాటు, ఎండతో ఛార్జి అయ్యే బ్యాటరీ - ఇంతే సరంజామా. టవరు కూలితే లెక్క కదలదు. నాలుగు రోజులు మబ్బు పట్టితే బ్యాటరీ నీరసిస్తుంది. గరాటు కింద రెండు చిన్న దొప్పలుంటాయి. ఒకటి నిండి వంగితే రెండోది నీటి కిందికి వస్తుంది, ఎన్నిసార్లు వంగితే అంత వాన. కుంభవృష్టిలో దొప్ప వంగేలోగా పడిన నీరు లెక్కకు రాదు. పెనుగాలికి చినుకులు గరాటులో పడక పక్కకు పోతాయి. ఆకులు, పిట్టల రెట్ట అడ్డుపడితే ఇక చెప్పేదేముంది! ఊళ్లో పడిన వాన కంటే కాగితం మీది వాన తక్కువవుతుంది.

వాతావరణ ఆధారిత పంటల బీమాలో పరిహారం తేల్చేది మునిగిన చేను కాదు, కేంద్రం చూపిన అంకె. లెక్క రాని గంటను వాన లేని గంటగా రాస్తే రైతు నోట మన్నే.

అలాగని యంత్రాన్ని కొట్టిపారేయనూ కూడదు. ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో 1974 క్రిస్మస్ నాటి ట్రేసీ తుపానులో గాలిమాపకం 217 కిలోమీటర్లు చూపి పాడైపోయింది. ఆ దేశంలోనే బారో దీవిలో 1996 ఏప్రిల్ 10న ఒలీవియా తుపాను వేళ, మనిషి లేని కేంద్రమొకటి 408 కిలోమీటర్లు నమోదు చేసింది. ప్రపంచ వాతావరణ సంస్థ దానిని రికార్డుగా ఒప్పుకున్నది 2010లో గాని కాదు.

టవరు పోయినా యంత్రం నిలిస్తే లెక్క దాని పెట్టెలోనే ఉంటుంది. గాలి తగ్గగానే దానిని తీయించాలి. ఉదయం 8.30కు చేత్తో కొలిచే పాత వానమాపకం అంకెను పక్కన పెట్టి చూస్తే తేడా బయటపడుతుంది. ఇక్కడ పెద్ద తుపాన్లు ఎక్కువగా అక్టోబర్, నవంబర్‌లలోనే వస్తాయి. సెప్టెంబర్‌లోనే గరాటు తుడిచి, బ్యాటరీ చూసుకోవడానికి పెద్ద ఇంజనీర్లు అక్కరలేదు.