బావి తవ్వేశాక ప్రజాభిప్రాయమా?

2020 జనవరి 16న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. చమురు, గ్యాస్ అన్వేషణ ప్రాజెక్టులను 'ఎ' కేటగిరీ నుంచి 'బి2'కి మార్చింది. బి2లో ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. ఉత్పత్తి దశకు మాత్రం ఉంటుంది. వెతకడానికి ఊరి అనుమతి ఎందుకు, దొరికాక చూద్దాం అనే ఈ ధోరణి పైకి సబబుగానే కనిపిస్తుంది. చమురు ఇంజనీరింగ్ మాత్రం దీన్ని సమర్థించదు.

కావేరీ డెల్టానే చూడండి. మాదానం క్షేత్రంలో ఓఎన్‌జీసీకి చమురు దొరికింది మామూలు ఇసుకరాయిలో కాదు, అడుగున ఉన్న గ్రానైట్ పగుళ్లలో. వియత్నాంలోని బాక్ హో కూడా ఇలాంటిదే. గట్టి గ్రానైట్‌లో రంధ్రాలు దాదాపు ఉండవు. చమురు నిలిచేదీ, పారేదీ ప్రధానంగా పగుళ్లలోనే. ఏ పగులు దేనితో కలుస్తుందో పైనుంచి చేసే భూకంప తరంగాల సర్వే పూర్తిగా చెప్పలేదు. పక్కపక్క బావుల్లోనే ఒకటి పొంగవచ్చు, ఇంకొకటి ఎండిపోవచ్చు.

సున్నపురాయిలో కథ కొంచెం వేరు. చమురు ఎక్కువగా రాతి దిమ్మెల్లో దాగి, పగుళ్ల గుండా బయటికొస్తుంది. 1963లో వారెన్, రూట్ ఇచ్చిన 'డ్యూయల్ పోరోసిటీ' నమూనా దీన్ని చక్కెర ఘనాల పేర్పులా ఊహించింది. దిమ్మె నుంచి పగులుకు చమురు ఎంత వేగంగా చేరుతుందో చెప్పే గుణకాన్ని రాతిలో నేరుగా కొలవలేం. బావిని పరీక్షించి, కొన్నేళ్లు ఉత్పత్తి చేసి, ఆ లెక్కలకు సరిపోయేలా నమూనాను సరిదిద్దుతారు. తొందరపడి ఎక్కువ తోడితే నీరు పగుళ్ల గుండా ముందే ఎగబాకి, చమురు దిమ్మెల్లోనే మిగిలిపోతుంది.

రాయి ఏదైనా, అన్వేషణ దశలోనే మనకు తెలిసేది అతి తక్కువ. ప్రమాదం మాత్రం తక్కువ కాదు. డ్రిల్లింగ్ మడ్ పగుళ్లలోకి ఇంకిపోతే బావిలో పీడనం పడిపోయి గ్యాస్ తన్నుకురావచ్చు. రాయి సంగతి ఎలా ఉన్నా, తవ్వే దశలో బావి అదుపు తప్పితే ఏమవుతుందో కోనసీమకు తెలుసు. 1995 జనవరిలో పసర్లపూడిలో అంటుకున్న మంట రెండు నెలలు దాటినా ఆరలేదు.

ఈ మినహాయింపు భారం అందరి మీదా సమానంగా పడదు. భూమి ఉన్న రైతుకు కనీసం లీజు పత్రం మీద సంతకం పెట్టే అవకాశం ఉంటుంది. పైపులైను వేస్తే 1962 చట్టం ప్రకారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం పరిహారం వస్తుంది. ఆ పొలంలో నాట్లు వేసే కూలీకి చూపించడానికి పట్టా లేదు. కావేరీ డెల్టాలో ఆ కూలీ చాలాచోట్ల దళితుడే. 1968లో కూలి పెంపు అడిగినందుకు 44 మంది దళితులను కీళ్వెణ్మణిలో సజీవ దహనం చేసింది ఈ డెల్టాలోనే. ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడటానికి పట్టా అక్కర్లేదు, ప్రభావితులైతే చాలు. భూమిలేనివాళ్లకు మిగిలిన కొద్దిపాటి అధికారిక వేదికల్లో అదొకటి.

కావేరీ డెల్టాలో కొత్త తవ్వకాలను తమిళనాడు 2020లో చట్టం చేసి ఆపింది. అంతకుముందే నడుస్తున్నవాటిని అది ముట్టుకోలేదు. గోదావరి, కృష్ణా డెల్టాలకు ఆ పాటి రక్షణ కూడా లేదు.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. అన్వేషణ బావులకు ప్రజాభిప్రాయ సేకరణను తిరిగి తేవాలి. సభ దళితవాడకు అందుబాటులో జరగాలి. నిక్షేపం అంచనాలో ఎంత అనిశ్చితి ఉందో తెలుగులో రాసి సభకు ముందే ఇవ్వాలి. కూలీల పనిదినాల నష్టాన్ని లెక్కగట్టాలి. ఉత్పత్తి దశలో సభ పెట్టేనాటికి బావి తవ్వేసి ఉంటుంది, డబ్బు పెట్టేసి ఉంటుంది. అప్పుడు వినే అభిప్రాయం దేన్నీ ఆపలేదు.