తెలివికి ముద్రలు వేయొద్దు

"వీడి బుర్రకు చదువెక్కదు" అనే మాట పడని హాస్టల్ విద్యార్థి అరుదు. ఈ మాటకు శాస్త్రం అండగా ఉందని కొందరు నమ్ముతారు. మనస్తత్వశాస్త్ర చరిత్ర మరోలా చెబుతుంది.

1905లో ఫ్రాన్స్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్‌తో కలిసి తెలివితేటల పరీక్ష తయారుచేశాడు. వెనుకబడిన పిల్లలను గుర్తించి, వారికి ప్రత్యేకంగా చదువు చెప్పడమే దాని ఉద్దేశం. తెలివి శిక్షణతో పెరుగుతుందని 1909లో ఆయన గట్టిగా వాదించాడు. 1911లో ఆయన మరణించాక, అమెరికాలో గొడార్డ్, టెర్మన్ దాన్ని తలకిందులు చేశారు. తెలివి వంశపారంపర్యమన్నారు. ఎల్లిస్ దీవిలో ఓడ దిగిన, ఇంగ్లీషు రాని పేద వలసదారులను ఆ పరీక్షతోనే మందబుద్ధులుగా లెక్కగట్టారు. చేయూత కోసం పుట్టిన పరీక్ష గెంటివేతకు సాకైంది.

మన దేశం సంగతి చూద్దాం. ఆర్థికవేత్తలు కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లోని బాలురకు చిక్కుదారుల పజిళ్లు ఇచ్చారు. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. కులం చెప్పనప్పుడు దళిత, అగ్రకుల బాలురు ఇంచుమించు సమానంగా చేశారు. అందరి ముందు పేరుతోపాటు కులం కూడా చదివిన జట్లలో దళిత బాలురు వెనుకబడ్డారు. పజిళ్లు మాత్రం అవే!

పరీక్షలే వద్దని నేననను. మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. అంతమాత్రాన మా తాతతండ్రులకు తెలివి లేదంటే ఒప్పుకోను. వాళ్లకు లేనిది బడి.

అందుకే నా సూచన. తక్కువ మార్కులొచ్చినవారి పేర్లు నోటీసు బోర్డుకెక్కించడం మానాలి. ఆ జాబితా సీనియర్ల చేతికివ్వాలి. స్టడీ అవర్లో రోజూ గంటసేపు మనమే తమ్ముళ్లకు లెక్కలు, ఇంగ్లీషు చెబుదాం. పూర్వ విద్యార్థులూ నెలకో ఆదివారం రావాలి. బినే కోరింది ఇదే.