చిన్న కాలేజీయా? పెద్ద యూనివర్సిటీయా?



ఇంటర్ ఫలితాలు వచ్చిన తరువాత మన సంఘాలలో చాలా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. బిడ్డకు మంచి మార్కులే వచ్చాయి. దగ్గర పట్టణంలో మిషనరీలు పెట్టిన ఆర్ట్సు కాలేజీ ఉంది, చేర్చుకుంటామన్నారు. అటు హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో పేరుమోసిన విశ్వవిద్యాలయంలోనూ సీటు వచ్చేలా ఉంది. ఎక్కడ చేర్చాలి? ఈ నెల ఆ సంగతి కలిసి ఆలోచించుకుందాము.

ముందుగా ఒక అపోహ తీసివేయాలి. చిన్న కాలేజీలో చదివితే పట్టాకు విలువ ఉండదని కొందరి భయము. 1885లో లూథరన్ మిషనువారు ప్రారంభించిన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదివినా పట్టా ఇచ్చేది ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయమే. 1843లో రాబర్ట్ నోబుల్ దొరగారు బందరులో పెట్టిన బడి నుండి ఎదిగిన నోబుల్ కాలేజీ నేడు కృష్ణా విశ్వవిద్యాలయానికి అనుబంధముగా ఉన్నది. కాబట్టి తేడా కాగితంలో కంటే, ఆ మూడేళ్లలో బిడ్డకు జరిగే మేలులోనే ఎక్కువ.

మంచి చిన్న కాలేజీలో లెక్చరర్‌కు పిల్లల పేర్లు తెలుస్తాయి. రెండు రోజులు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవారు ఉంటారు. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల తలవంచుకొని కూర్చోకుండా లేచి సందేహము అడిగే ధైర్యము అక్కడ వస్తుంది. పెద్ద విశ్వవిద్యాలయము వేరు. దాని ముఖ్యమైన పని పి.జి. చదువులు, పరిశోధన. గొప్ప గ్రంథాలయము, మంచి ప్రయోగశాలలు, ఇతర రాష్ట్రాల విద్యార్థుల సహవాసము అక్కడ దొరుకుతాయి. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఇంటర్ తరువాత నేరుగా చేరే అయిదేళ్ల కోర్సులున్నాయి. 2022 నుండి వాటి ప్రవేశాలకు సి.యు.ఇ.టి. అనే దేశవ్యాప్త పరీక్ష వచ్చింది. కాని అక్కడ పాఠాలు ఇంగ్లీషులో సాగుతాయి; వెనుకబడినవాడిని వెతికి పట్టుకునే తీరిక అందరికీ ఉండదు. తనంతట తాను లేచి చదువుకునే బిడ్డకు అది పచ్చిక బయలు. ఇంకా చేయి పట్టుకొని నడవవలసిన బిడ్డకు మొదటి ఏడే భారము కావచ్చును.

ఒక చోట చేరితే రెండవ చోటి తలుపు శాశ్వతముగా మూసుకుపోదు. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు మొదట వేలూరులో అమెరికన్ మిషనువారి వూర్హీస్ కాలేజీలో చదివి, తరువాత మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లారు. 1931లో ఆయనే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులయ్యారు. డిగ్రీ దగ్గరలో చదివి, పి.జి.కి పెద్ద చోటికి వెళ్లే దారి నేటికీ తెరిచే ఉన్నది.

అయితే మిషను కాలేజీ అనగానే కళ్లు మూసుకొని చేర్చవద్దని కూడ చెప్పాలి. ఎన్నో ఎయిడెడ్ కాలేజీలలో ఖాళీ అయిన పోస్టులు ఏళ్ల తరబడి నింపలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎయిడెడ్ సిబ్బందిని తనకు అప్పగించమని అడిగినప్పుడు కొన్ని కాలేజీలు ఇంకా బలహీనపడ్డాయి. పాత రాతి కట్టడము, గోడ మీద దొరలవారి పటాలు చూసి మురిసిపోతే చాలదు. బిడ్డను వెంటబెట్టుకొని వెళ్లండి. ఆ సబ్జెక్టుకు లెక్చరర్లు ఎందరున్నారు? ల్యాబు తాళము వారానికి ఎన్నిసార్లు తీస్తున్నారు? న్యాక్ గ్రేడు ఎంత? నిరుడు పాసైన పిల్లలు ఎక్కడికి వెళ్లారు? అడగండి. పెద్ద విశ్వవిద్యాలయము విషయంలోనూ అంతే. ఊరంతా పొగిడే పేరు కాదు, మీ బిడ్డ చేరబోయే డిపార్టుమెంటు ఎలా ఉన్నదో కనుక్కోండి.

ఈ మధ్య ఒక తండ్రి ఈ సంగతే మాతో మాట్లాడుతూ, “అబ్బాయైతే హైదరాబాదు పంపుదుమండి. ఆడపిల్ల కదా, దగ్గరలో చాలు” అన్నారు. “అమ్మాయి ఏమంటున్నదండీ?” అని అడిగాము. ఆయన కొంచెంసేపు ఊరకుండి, “అడగలేదండి” అన్నారు.

తల్లిదండ్రులారా, ఆ భయము మాకు అర్థమవుతుంది. కాని చిన్న కాలేజీ ఆ బిడ్డకు మేలైనదని చేర్చడము వేరు, ఆడపిల్ల గనుక చాలునని చేర్చడము వేరు. మన అమ్మమ్మలకు మిషను బళ్లు అక్షరాలు నేర్పింది సగము దూరము నడిచి ఆగమని కాదు. హాస్టలు గేటు ఎన్ని గంటలకు మూస్తారు, వార్డెన్ అక్కడే ఉంటారా అని విచారించండి. అదే విచారణ మగపిల్లవాడి విషయంలోనూ చేయండి; చెడు సహవాసము వాడిని మాత్రము విడిచిపెట్టదు కదా.

ఇక డబ్బు. ఫీజు ఒక్కటే చూడవద్దు. హాస్టలు, మెస్సు, పుస్తకాలు, పండుగలకు వచ్చిపోయే చార్జీలు అన్ని ఏళ్లకూ కూడి చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ కోర్సుకు వర్తిస్తుందో లేదో ముందే తెలుసుకోండి. మనలో బి.సి.-సి. వర్గములోనికి వచ్చే కుటుంబాలు కేంద్ర విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టేటప్పుడు కేంద్ర ఓ.బి.సి. పత్రము వేరుగా తీసుకోవాలి. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము కింద హామీ లేకుండా అప్పు దొరుకుతుంది. అయితే జాబితాలో ఉన్న సంస్థలకే. ఉన్న అరెకరము అమ్మకముందు బ్యాంకుకు వెళ్లి అడగడము మంచిది.

రెండవ రాజుల గ్రంథము 6వ అధ్యాయము మొదటి 7 వచనాలు ఇంట్లో కలిసి చదవండి. ప్రవక్తల శిష్యులకు తామున్న స్థలము ఇరుకైనది. విశాలమైన చోటు కావాలని అడిగితే ఎలీషా గద్దించలేదు, వెళ్లమన్నాడు. పెద్ద చోటు కోరడము అతిశయము కాదని దీనివలన తెలుస్తున్నది. వారిలో ఒకడు మీరూ మాతో రండి అని బ్రతిమాలగా ఆయన వెంట వెళ్లాడు. బిడ్డను పంపేవారు ఒంటరిగా పంపకూడదు. ఆ ఊరిలో సంఘము ఎక్కడున్నదో కనుక్కొని పాదిరిగారి చేత ఉత్తరము రాయించాలి. మ్రాను నరుకుచుండగా గొడ్డలి ఊడి నీళ్లలో పడినప్పుడు ఆ శిష్యుడు ఎందుకు అంగలార్చాడు? అది ఎరువు తెచ్చినది గనుక. అప్పు తెచ్చి చదివే బిడ్డ గుండెలో ఆ బరువు ఎప్పుడూ ఉంటుంది. దానిని రోజూ గుర్తుచేసి ఇంకా బరువు పెంచవద్దు. దేవుడు ఇనుమును తేలజేసినవాడే. అయినా ఎరువు తెచ్చేముందు లెక్క చూసుకోవడము మన వంతు.

దానియేలు బబులోనులో కల్దీయుల విద్య మూడేళ్లు నేర్చుకొన్నాడు. రాజనగరి అతని విశ్వాసాన్ని మింగివేయలేదు. అతనితో కలిసి ప్రార్థించే స్నేహితులు ముగ్గురుండిరి. నజరేతు వంటి చిన్న ఊరిలో పెరిగిన మన ప్రభువు జ్ఞానమందు వర్ధిల్లాడు. చోటు చిన్నదైనా పెద్దదైనా దేవునికి అడ్డు కాదు.

ఈ వారములో ఒక రాత్రి కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒక కాగితము మీద రెండు చోట్ల పేర్లు రాయండి. ఖర్చు, దూరము, లెక్చరర్లు, హాస్టలు, తరువాతి దారి, ఒక్కొక్కటి ఎదురెదురుగా రాయండి. అయితే మొదట బిడ్డను మాట్లాడనివ్వండి. మీరు తరువాత మాట్లాడండి. పిమ్మట కలిసి మోకరించండి.

ప్రభువు మీ బిడ్డల రాకపోకలను కాపాడును గాక.