ప్రార్థన గీతంతో ఆగకూడని సంగీత పాఠం

దేశంలోని అసంఖ్యాక పాఠశాలల్లో ప్రతి ఉదయం వినిపించే జాతీయ గీతానికి తెలుగు నేలతో సన్నిహిత సంబంధం ఉంది. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసినప్పుడు, అక్కడి ప్రధానాచార్యుని సతీమణి, సంగీతజ్ఞురాలు మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి స్వరలిపి సిద్ధం చేశారు. ఆ విధంగా ఒక విద్యాసంస్థలో విద్యార్థుల మధ్య లిపిబద్ధమైన పాట, నేడు విద్యార్థులందరూ కలిసి పాడే పాటగా నిలిచింది. అయితే సుమారు 52 సెకన్ల ఆ గానం ముగిశాక, ఎక్కువ మంది పిల్లలకు ఆ రోజుకు సంగీతం కూడా ముగిసినట్లే.

ఉదయపు సమావేశంలో సంగీతాన్ని ఒక అభ్యసన ఇతివృత్తంగా పరిచయం చేసి, దానిని వివిధ పాఠ్యాంశాలతో అనుసంధానించే పద్ధతి ఈ నేపథ్యంలో ప్రాధాన్యం సంతరించుకుంటోంది. కళలకూ శాస్త్రాలకూ మధ్య, పాఠ్య, సహపాఠ్య కార్యక్రమాలకూ మధ్య కఠినమైన విభజన ఉండరాదని 2020 నాటి జాతీయ విద్యా విధానం స్పష్టం చేసింది. 2023లో విడుదలైన పాఠశాల విద్యా జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళా విద్యకు ఇతర విషయాలతో పాటు స్థానం కల్పించింది. విధానపరమైన అడ్డంకి తొలగింది. ఇక మిగిలింది ఆచరణ.

ఆ ఆచరణకు ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక జట్టు మూడక్షరాల పదాన్ని, మరో జట్టు నాలుగక్షరాల పదాన్ని ఒకే నడకలో పదేపదే పలికితే, ప్రతి పన్నెండు అక్షరాలకు ఒకసారి రెండు జట్లూ కలిసి కొత్త ఆవృత్తిని ప్రారంభిస్తాయి. కనిష్ఠ సామాన్య గుణిజం అంటే ఏమిటో పిల్లలు చెవితోనే గ్రహిస్తారు. బిగించిన తీగను సరిగ్గా మధ్యలో నొక్కి మీటితే పై స్థాయి షడ్జం పలుకుతుంది. భౌతికశాస్త్రంలోని ధ్వని పాఠానికి అదే నాంది. జాతీయోద్యమ కాలంలోనూ, తెలంగాణ సాయుధ పోరాటంలోనూ బుర్రకథ ప్రజలను ఏ విధంగా చైతన్యపరచిందో వివరిస్తే, అది చరిత్ర పాఠమవుతుంది.

అయితే సంగీతం నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయన్న ప్రచారం విషయంలో జాగ్రత్త అవసరం. మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న నమ్మకానికి మూలం 1993లో వెలువడిన ఒక చిన్న ప్రయోగం. అందులో పాల్గొన్నవారు పిల్లలు కాదు, కళాశాల విద్యార్థులు. కనిపించిన ప్రభావం ఒక ప్రత్యేక తరహా పరీక్షకే పరిమితమై, కొద్ది నిమిషాల్లోనే తగ్గిపోయింది. సంగీతాన్ని గణితానికి సేవకురాలిగా మాత్రమే తరగతిలోకి అనుమతిస్తే, ఫలితాలు కనిపించని మరుక్షణమే దానిని బయటకు పంపుతారు. శ్రద్ధగా వినడం, పదిమందితో శ్రుతి కలపడం, తన వంతు వచ్చే వరకు వేచి ఉండడం వాటంతట అవే విలువైన విద్యలు.

అసలు సమస్య బోధకులది, సమయానిది. పరీక్షలు సమీపించగానే ముందుగా రద్దయ్యేది కళల పీరియడే. రుసుము చెల్లించగల కుటుంబాల పిల్లలు సాయంత్రం వేళ సంగీత శిక్షణకు వెళతారు. ఆ స్తోమత లేని పిల్లలకు బడిలో దొరికేదే సంగీతం. దీనికి ఒక పరిష్కారాన్ని జాతీయ విద్యా విధానమే సూచించింది. స్థానిక కళాకారులను బోధకులుగా పాఠశాలలకు ఆహ్వానించవచ్చు. తెలంగాణలో ఒగ్గుకథ, ఉత్తరాంధ్రలో జముకుల కథ చెప్పేవారు ఆ స్థానానికి అర్హులు. ఏడాదికోసారి వార్షికోత్సవ వేదిక ఎక్కించి శాలువా కప్పడంతో సరిపుచ్చకుండా, వారికి క్రమం తప్పని పీరియడు, తగిన పారితోషికం కల్పించినప్పుడే ఆ సూచన సార్థకమవుతుంది.

ఆకాశవాణిలో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా నిర్వహించిన పిల్లల కార్యక్రమాలు తరతరాల బాలల చేత పాడించాయి. వారం వారం క్రమం తప్పని కొనసాగింపే వాటి బలం. నేటి పాఠశాలకూ కావలసింది అదే. ఉదయపు సమావేశం సంగీతానికి ద్వారం తెరవగలదు. ఆ ద్వారం ఎక్కడికి దారితీస్తుందో నిర్ణయించేది మాత్రం కాలనిర్ణయ పట్టికే.