పనికి పట్టా, పుట్టుకకు కాదు

పదో తరగతి అయ్యాక ఐ.టి.ఐ.లో చేరతామంటే చాలు, "ఏం బాబూ, మార్కులు రాలేదా?" అని అడుగుతారు. చేతిపని చదువు రానివాడి దారి అన్న భావం మనలో అంతగా పాతుకుపోయింది. ఈ విషయంలో జర్మనీని చూసి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉందని మా అభిప్రాయం.

అక్కడ పని నేర్చుకునే విద్యార్థి వారంలో కొన్ని రోజులు వర్క్‌షాపులో, మిగతా రోజులు వృత్తి పాఠశాలలో గడుపుతాడు. యజమాని నెలనెలా భృతి ఇస్తాడు. సుమారు మూడేళ్ల తర్వాత పరీక్ష నెగ్గితే 'గెజెల్లె' అవుతాడు. ఆ పై మెట్టు 'మైస్టర్'. ఈ పరీక్షలో నాలుగు భాగాలు: చేసి చూపే పని, ఆ పనికి సంబంధించిన శాస్త్రం, వ్యాపారం - చట్టం, ఇతరులకు పని నేర్పే పద్ధతి. ఎలక్ట్రీషియన్, వడ్రంగం, క్షౌరం వంటి వృత్తులలో మైస్టర్ పట్టా లేకుండా సాధారణంగా సొంత షాపు పెట్టనివ్వరు. ఇలాంటి వృత్తులను 2004లో 94 నుంచి 41కి తగ్గించారు. 2020లో మరో 12 వృత్తులను తిరిగి చేర్చారు.

మైస్టర్ విశ్వవిద్యాలయ డిగ్రీ కాదు. అయినా అక్కడి అర్హతల పట్టికలో బ్యాచిలర్ డిగ్రీ ఉన్న ఆరో మెట్టు మీదే ఉంది. 2020 నుంచి మైస్టర్లు 'బ్యాచిలర్ ప్రొఫెషనల్' అని కూడా రాసుకోవచ్చు. విశ్వవిద్యాలయంలో చేరే దారీ వారికి తెరిచే ఉంది.

అక్కడ క్షౌరానికి మైస్టర్ పట్టా ఉంది. ఇక్కడ అదే పని ఒక కులానికి అంటగట్టబడి, తిట్టుగా మారింది. పశ్చిమ జర్మనీ చేతివృత్తుల చట్టం చేసింది 1953లో. అదే ఏడాది మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం, పిల్లలు ఒక పూట బడికి వెళ్లి మిగతా సమయం తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలనే పథకం తెచ్చింది. అది కులవిద్య అని జనం ఎదిరించారు. 1954లో అది రద్దయింది. తేడా ఇక్కడే ఉంది. పరీక్ష తలుపు తెరుస్తుంది, పుట్టుక తలుపు మూస్తుంది.

జర్మనీలోనూ లోపాలున్నాయి. చాలా రాష్ట్రాల్లో పదేళ్ల వయసుకే పిల్లల్ని వేర్వేరు బడులకు విడదీస్తారు. అది మనకు వద్దు. మా అమ్మానాన్నలు చేసిన పనే మేమూ చేయాలనడం లేదు. ఏ పనైనా ఎంచుకునే హక్కు ఉండాలి, ఎంచుకున్నాక ఎదగడానికి మెట్లూ ఉండాలి అంటున్నాం.

మా నాన్నల్లో ముప్పై ఏళ్లుగా తాపీ పని చేస్తున్నవారున్నారు. వారి నేర్పుకు కట్టిన గోడలే సాక్ష్యం, కాగితం లేదు.

పూర్వ విద్యార్థులైన అన్నలకు ఒక మనవి. వచ్చే హాస్టల్ డే నాడు డాక్టర్లు, ఇంజనీర్ల పక్కనే, ఐ.టి.ఐ. చదివి పైకొచ్చిన మన అన్నలకూ వేదికపై కుర్చీ వేయండి. తమ్ముళ్లారా, ఐ.టి.ఐ.లో చేరేవాణ్ణి చూసి ఇక నవ్వకండి.