గంజి పారబోయకు బిడ్డా!

అమ్మాయిది జనగామ. అబ్బాయిది మానుకోట, అదే మహబూబాబాద్. కాపురం భూపాలపల్లిలో.

ఒకప్పుడు ఈ మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఊళ్లే. 2016 అక్టోబర్ 11న, దసరా పండుగ నాడు, మూడూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి. జిల్లాలు వేరుపడ్డంత మాత్రాన పెళ్లి సంబంధాలు ఆగుతాయా? అలాంటి కొత్త జంట ఒకటి భూపాలపల్లిలో ఓ మూడంతస్తుల భవనంలో పై వాటా అద్దెకు తీసుకుందనుకోండి. ఒక గది, ఒక హాలు, ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటుండని వంటిల్లు. రెండు పొయ్యిల స్టవ్వు, ఒక్క సిలిండరు, ఒక్క కుక్కరు. పెళ్లిలో వచ్చిన గిన్నెలు మాత్రం ఊరందరికీ వండిపెట్టేన్ని!

అబ్బాయికి బొగ్గు గని దగ్గర కాంట్రాక్టు కొలువు. ఓ వారం పొద్దుటి షిఫ్టు, ఓ వారం రాత్రి షిఫ్టు. జీతం రాగానే ఇంటి అద్దె, బండి కిస్తీ, పెళ్లికి చేసిన అప్పు తమ వాటా తీసుకుపోతాయి. మిగిలినదాంతో ముప్పై రోజులు నడపాల్సింది వంటింటినే. కొత్త ఇల్లాలు ప్రయోగాలు మొదలుపెట్టేది సరిగ్గా ఇక్కడే. సరదా కొద్దీ చేసే ప్రయోగాలు కావివి. నెలాఖరు చేయించే ప్రయోగాలు!

ఎసరు దగ్గరే మొదటి పాఠం

పుట్టింట్లో ఎనిమిది మందికి వండిన చేతికి ఇద్దరికి ఎసరు పెట్టడం రాదు. గ్లాసుతో కొలిచి పోసినా, ‘చాలదేమో’ అని ఇంకో గుప్పెడు పడుతుంది. ఆ గుప్పెడే రాత్రికి గిన్నెడు అన్నమై మిగులుతుంది. మొదటి వారంలోనే జనగామకు ఫోను వెళ్లింది.

“ఎంత పొయ్యాల్నో సమజైతలేదమ్మా. రోజూ మిగులుతనే ఉన్నది.”

“మిగిలితె మిగలనియ్. పారబొయ్యకు. పొద్దుగాల సర్వపిండి పెట్టు. గంజి గూడ పారబొయ్యకు బిడ్డా!”

సర్వపిండి గురించి వరంగల్ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు, కరివేపాకు, కారం, ఉప్పు వేసి కలిపి, నూనె రాసిన గిన్నె లోపల పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నటి మంట మీద కాల్చడమే. ఈ ఇంట్లో జరిగిన ప్రయోగమల్లా రెండు గ్లాసుల పిండిలో ఒక గ్లాసు రాత్రి అన్నాన్ని మెత్తగా మెదిపి కలపడం. పిండి ఆదా అయింది, అప్ప కూడా లోపల మెత్తగా, అంచులు కరకరలాడుతూ వచ్చింది. అయితే ఒక్క గిన్నెతో పని పెట్టుకుంటే చిక్కే. వేడి గిన్నెలో పిండి ఒత్తితే చేయి కాలుతుంది. అది చల్లారే దాకా ఆగాలి. రెండు గిన్నెలు పెట్టుకుంటే ఒకటి పొయ్యి మీద ఉండగా రెండోది చల్లారుతుంది. పెళ్లి గిన్నెలు పనికొచ్చింది ఇక్కడే!

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. భూపాలపల్లి ఎండలకు పై వాటా రాత్రయినా పెనంలాగే ఉంటుంది. అలాంటి గదిలో అన్నాన్ని తెల్లవార్లూ వదిలేస్తే అందులో పెరిగే కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. వాసన తేడాగా ఉంటే మొహమాటపడకుండా పారేయాలి. పొదుపు పేరుతో ఆస్పత్రి బిల్లు కట్టుకునేవాళ్లను ఏమనాలి?

ఇక గంజి. అన్నం వార్చిన నీళ్లతో పాటు బియ్యంలోని బి విటమిన్లు కొన్ని వెళ్లిపోతాయి. బియ్యాన్ని పదేపదే కడిగినా అంతే. కాబట్టి సరిపడా నీళ్లు పోసి ఇగరనివ్వడం ఒక పద్ధతి. వార్చడమే అలవాటైతే గంజిలో కాస్త మజ్జిగ, ఉప్పు, నలిపిన ఉల్లిపాయ వేసి తాగడం ఇంకో పద్ధతి. చారు కాచేటప్పుడు నీళ్లకు బదులు గంజి పోస్తే పప్పు తక్కువైనా చారు చిక్కగా ఉంటుంది. ఇంకా మిగిలితే నేత చీరకు పెట్టుకోవచ్చు.

మానుకోట కారం, జనగామ పులుపు

కొత్త కాపురంలో అసలు తకరారు డబ్బు దగ్గర రాదు, కారం దగ్గర వస్తుంది. మహబూబాబాద్ వైపు మిరప తోటలు ఎక్కువ. అత్తగారు పంపిన కారం డబ్బా మూత తీస్తేనే తుమ్ములు. పుట్టింటి లెక్కన రెండు చెంచాలు వేసిన మొదటి రోజు కూర ఇద్దరూ తినలేకపోయారు. పారేయడానికి మనసొప్పలేదు. మర్నాడు అందులో రెండు ఆలుగడ్డలు, గుప్పెడు ఉడికించిన పెసరపప్పు వేసి మళ్లీ మరిగిస్తే ఇద్దరికీ మరో పూట గడిచింది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కారానికి అర చెంచా లెక్క. ఘాటైన కారం తక్కువ పడుతుంది, ఎక్కువ రోజులొస్తుంది.

నెలాఖరుకు ఆదుకునేది పచ్చిపులుసు. చింతపండు పిసికిన నీళ్లలో సన్నగా తరిగిన ఉల్లిపాయ, మంట మీద కాల్చిన పచ్చిమిర్చి, జీలకర్ర పొడి, కొత్తిమీర, చిటికెడు బెల్లం. మిర్చి కాల్చినంత సేపే పొయ్యితో పని. వేయించిన నువ్వుల పొడి ఒక చెంచా కలిపితే రుచీ బలమూ వస్తాయి. పక్కన పెసరపప్పు కిచిడి ఉంటే ఒకే కుక్కరుతో వంట అయిపోయినట్టే.

బీరకాయ పొట్టు తొక్కు సంగతి అందరికీ తెలిసిందే. ఈ ఇంట్లో కొత్తగా పుచ్చకాయ మీద పడ్డారు. ఎర్రటి గుజ్జు తిన్నాక, పైన ఆకుపచ్చ చెక్కు తీసేస్తే మధ్యలో తెల్లటి భాగం మిగులుతుంది. దాన్ని ముక్కలు కోసి పెసరపప్పుతో వండితే అచ్చం ఆనపకాయ కూరే. పొట్టుతో ఏది వండినా ముందు నీళ్లు మార్చి మార్చి బాగా కడగాలి. పురుగుమందుల అవశేషాలు పై తోలు మీదే ఎక్కువ.

జొన్నరొట్టె మిగిలితే దిగులే లేదు. సద్దుల బతుకమ్మ నాడు చేసే మలీద గుర్తుంది కదా! రొట్టెను నలిపి, బెల్లం తురిమి, కాస్త నెయ్యి వేసి ముద్దలు కడితే సాయంత్రం చిరుతిండికి బేకరీ మెట్లెక్కక్కర్లేదు.

సిలిండరు చెప్పే లెక్క

ఇంటి సిలిండరులో ఉండే గ్యాసు 14.2 కిలోలు. అది నెలన్నర రావాలా, రెండు నెలలు రావాలా అన్నది వండే చేతిని బట్టి ఉంటుంది. ఇంధనం ఆదా చేయమని 1978లో ఏర్పడిన పెట్రోలియం పరిరక్షణ పరిశోధన సంఘం ఏళ్ల తరబడి చెబుతున్నవి చిన్న చిన్న సంగతులే. పప్పును ముందే నానబెట్టాలి. అన్నీ తరిగి పెట్టుకున్నాకే పొయ్యి వెలిగించాలి. గిన్నె మీద మూత ఉండాలి. నీళ్లు తెర్లడం మొదలవగానే మంట తగ్గించాలి. ఎంత పెద్ద మంట పెట్టినా మూత తీసిన గిన్నెలో మరిగే నీటి వేడి పెరగదు, ఆవిరి మాత్రం పెరుగుతుంది. కుక్కరులో అలా కాదు. ఆవిరి బయటికి పోలేక ఒత్తిడి పెరిగి, నీరు నూరు డిగ్రీలు దాటాకే మరుగుతుంది. అందుకే గట్టి పప్పు కూడా తొందరగా ఉడుకుతుంది. అందులోనే గిన్నె మీద గిన్నె పెట్టి అన్నం, పప్పు, ఆలుగడ్డలు ఒకేసారి దించుకుంటే మూడు వంటలకు ఒక్క మంట.

ఇంకో ప్రయోగం కూడా జరిగింది. ప్రపంచ యుద్ధాల కాలంలో ఇంగ్లండులో బొగ్గుకు కటకటలాడినప్పుడు ఇల్లాళ్లు మరుగుతున్న గిన్నెను గడ్డి నింపిన పెట్టెలో మూసిపెట్టి, ఆ వేడితోనే వంట పూర్తి చేసేవారు. చుట్టూ బొగ్గు గనులున్న ఊళ్లో ఆ ఉపాయం పనికొచ్చిందంటే నవ్వొస్తుంది కానీ నిజం! బియ్యానికి రెండింతల నీళ్లు పోసి, మూత బిగించి, ఐదు నిమిషాలు బాగా మరగనిచ్చి, పాత దుప్పటిలో చుట్టి ముప్పావుగంట వదిలేస్తే అన్నం అదే ఉడికింది. దుప్పటి విప్పి మధ్యలో ‘అయిందా’ అని చూడకపోవడమే ఇందులో కష్టమైన పని.

అన్నీ గెలుపులే కావు

జనగామ పక్కన పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద బొమ్మలు తీర్చే పనికి పేరున్న ఊరు. అటువైపు ఆడపిల్లకు సారెలో ఇత్తడి సామాను పెట్టడం ముచ్చట. ఆ ముచ్చటతోనే ఒకరోజు ఇత్తడి గిన్నెలో చింతపండు చారు కాచింది. చిలుము రుచి నోట పెట్టనివ్వలేదు! చింతపండు పులుపు ఇత్తడిలోని రాగిని కరిగిస్తుంది. అందుకే పాతకాలంలో లోపల తగరంతో కళాయి పూయించేవారు. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదు, నిలవ ఉంచకూడదు.

పూరీలు కాల్చగా మిగిలిన నూనెను దాచి దాచి వాడటం ఇంకో పొరపాటు. మూడుసార్లకు మించి కాచొద్దని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హెచ్చరిస్తోంది. మూకుడు నిండా పోయకుండా కొద్ది నూనెలో కాల్చి, మిగిలింది ఒకటి రెండు రోజుల్లో పోపులకు వాడేసుకోవడం మంచిది. మేడ మీద ఎండబెట్టిన వడియాలకు బొగ్గు దుమ్ము పట్టడం మూడో నష్టం. పల్చటి గుడ్డ కప్పడం తర్వాతి పాఠం.

గుడ్డు ఎవరు తిన్నారు?

ఇన్ని తెలివితేటల మధ్య ఒక లెక్క మాత్రం ఎవరూ చూడలేదు. పొద్దుటి షిఫ్టు అయిపోయి అబ్బాయి ఓ రోజు గంట ముందే వచ్చాడు. తన డబ్బాలో వేడి అన్నం, కోడిగుడ్డు పులుసు పెట్టి పంపిన మనిషి, కింద కూర్చుని రాత్రి అన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుంటోంది.

“గుడ్డు తినలేదా?”

“నాకు పడది. డ్యూటికి పొయ్యేటోళ్లు, మీరు తినాలె.”

అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “మా అమ్మ గూడ గిట్లనే అనేది. ఆమెకు పడనియన్ని మాకు ఇష్టమైనయే ఉండె.”

నెలరోజుల పొదుపులో సగం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మధ్యాహ్నం తెలిసింది. పొట్టు నుంచీ గంజి నుంచీ వచ్చిందెంతో, ఆమె పళ్లెం నుంచి వచ్చిందీ అంతే! ఇది ఈ ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. దానికి కారణాలు చాలానే ఉన్నాయి. అందరికీ పెట్టి చివర్లో మిగిలింది తినే అలవాటు కూడా వాటిలో ఒకటి.

మర్నాటి నుంచి ఆ ఇంట్లో లెక్క మారింది. గుడ్లు తెస్తే సరి సంఖ్యలోనే. ఆదివారం అర కిలో కోడికూరలో పుంటికూర వేసి పెంచితే ఇద్దరికీ రెండు పూటలు. రాత్రి అన్నం మిగిలితే సర్వపిండి అయినా, పోపన్నం అయినా ఇద్దరి పళ్లాల్లోనూ పడాల్సిందే. ఆకుకూరలు ఇనుప మూకుట్లోనే వండుతారు, దించాక నిమ్మకాయ పిండుతారు. ఇనుప పాత్ర నుంచి కొంత ఇనుము కూరలోకి దిగుతుంది, నిమ్మరసం దాన్ని ఒంటికి పట్టేలా చేస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

రాబడి వైపూ ఒక దారి దొరికింది. ఆమె పేరు ఇంకా పుట్టింటి రేషన్ కార్డులోనే ఉంది. 2025 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో రేషన్ మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. హన్మకొండలో బస్సు మారి జనగామ వెళ్లొస్తే బియ్యం సంచీతో పాటు అమ్మ చేతి తొక్కు, పెరట్లో కాసిన బీరకాయలు, నాలుగు మంచి మాటలు కూడా వస్తాయి.

నెలాఖరు రాత్రి మళ్లీ జనగామ నుంచి ఫోను. ఆమె చేతులు పిండిలో ఉన్నాయి. అతనే ఎత్తాడు.

“ఏం వండిన్రు బిడ్డా?”

“సర్వపిండి అత్తమ్మా. నేనే ఒత్తుతున్న, వంకర్లు పోతున్నది.”

“మరి గంజి?”

“పారబొయ్యలే అత్తమ్మా. చెరొక గిలాసు తాగినం!”