మన పొలం కింద ఎవరి గ్యాస్?

కొత్త చమురు బావి తవ్వినా, గ్యాస్ ఎగుమతి మాట వచ్చినా పేపర్లలో పెద్ద వార్తే. దేశం వాడే గ్యాస్‌లో సగం దాకా దిగుమతేనన్నది వేరే సంగతి.

కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్‌కు గ్యాస్ మోసే పైపులైను మన బీదర్ జిల్లా పొలాల కిందుగానే పోతోంది. 1962 చట్టం ప్రకారం భూమి రైతుదే. ఆ పట్టీలో మాత్రం ఇల్లు కట్టకూడదు, చెట్టు నాటకూడదు, ఆఖరికి నీళ్ల బావీ తవ్వకూడదు. పంట నష్టం కాక, దానికిచ్చే పరిహారం భూమి విలువలో 10 శాతం! 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు.

కొత్త లైనుకు నోటిఫికేషన్ వస్తే అభ్యంతరం చెప్పడానికి గడువు 21 రోజులే. యువతీ యువకులారా, ఆ కాగితం పెద్దలకు చదివి వినిపించండి, గడువులోపే అర్జీ రాయించండి.